గాలి రాని గది

పున్నమ్మతోటలో మా స్టూడియోకి రెండు తలుపులు.
మొదటిది మూసుకున్నాకే రెండోది తెరవాలి.
గాలి రాకూడదు, కాకి అరుపు రాకూడదు,
ఏలూరు రోడ్డు హారన్ ఒక్కటి కూడా.
ఆ గదిలో కూర్చుని పదకొండేళ్లుగా
గాలి గురించి చెబుతున్నాను.

సాయంత్రం ఆరూ నలభైకి కాగితం వస్తుంది.
నైరుతి నుంచి గంటకు నలభై ఐదు, యాభై ఐదు కిలోమీటర్లు,
అలల ఎత్తు మూడు పాయింట్ ఒకటి మీటర్లు,
మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.
మూడు పాయింట్ ఒకటి అంటే
నేను, నా నెత్తిన నిలబడ్డ ఇంకో నేను.
లెక్క వేసుకుని ఒకసారి నవ్వుకున్నాను.
ఆ పైనున్న నేను ఒడ్డు మీద విరిగి పడటం
ఊహించాక మళ్లీ నవ్వలేదు.

నాకు తెలిసిన గాలి వేరు.
రోహిణి కార్తెలో మొగల్రాజపురం కొండరాయి
పగలంతా తాగిన ఎండను రాత్రి కక్కుతుంటే
డాబా మీద చాపలేసుకుని మేం ఎదురుచూసే గాలి.
తొమ్మిదింటికో, పదింటికో
దక్షిణం నుంచి సన్నగా ఓ పైరగాలి.
తీగ మీది చీరకొంగు కదులుతుంది.
"వచ్చిందర్రా" అంటుంది పక్క డాబా అనసూయత్త.
ఎక్కడి నుంచని ఎప్పుడూ అడగలేదు.
రేపల్లె, తెనాలి దాటుకుంటూ
ఎవరి తెరచాప కింద నుంచి జారి వచ్చిందో.

కిందటి శ్రావణంలో నిజాంపట్నం నుంచి ఉత్తరం.
రూళ్ల కాగితం, ఏడో తరగతి చేతిరాత,
కొక్కిలిగడ్డ లంకమ్మ చెబుతుంటే మనవరాలు రాసింది.

"అమ్మా, నీ అంకెలు మాకు అక్కర్లేదు.
గాలి సంగతి సరుగుడు చెట్లు చెబుతాయి,
సముద్రం సంగతి మా ఆయన మోకాళ్లు చెబుతాయి.
మేం నీ గొంతు వింటాం.
అది దిగితే పడవలు పైకి లాగుతాం.
పోయిన మంగళవారం బాగా దిగింది.
తొమ్మిది పడవలు ఆగిపోయినయ్.
తెల్లారి చూస్తే సముద్రం పళ్లెంలా ఉంది.
పక్క రేవు వాళ్లకి వంజరం, చందువా.
మా ఐసు నీళ్లయిపోయింది.
తిట్టాలని రాయించట్లేదు.
నీకు జలుబా? మిరియాల కషాయం తాగావా?"

ఉత్తరంతో పాటు ఎండు మెత్తళ్ల పొట్లం.
డ్యూటీ ఆఫీసరు ముక్కు మూసుకుని
కిటికీ తియ్యమన్నాడు.
మాకు కిటికీ ఎక్కడిది.

మంగళవారం నాకు జలుబే.
కాగితంలో ఉన్నది, నేను చదివింది
"ఎలాంటి హెచ్చరికా లేదు."
ఆ లేదు ఎవరికీ వినపడలేదు.

ఆ రాత్రి బస్సెక్కకుండా బ్యారేజీ దాకా నడిచాను.
గేట్ల వెనక కృష్ణమ్మ మీద ముడతలు,
ఇస్త్రీ చెయ్యని లంగా అంచులా.
ఇవెన్ని మీటర్లని ఎవరూ కాగితం పంపరు.
బజ్జీల బండి వాడు పొయ్యికి అట్ట అడ్డం పెట్టుకుంటూ
"ఇవాళ గాలెక్కువండీ" అన్నాడు.
అంతే సరళంగా చెప్పడం నాకెప్పుడు వస్తుంది.

ఐసు నీళ్లు మానేశాను.
పసుపు పాలు, మెడకి మఫ్లరు, జూన్‌లో కూడా.
గొంతుని స్కేలు పెట్టి గీసినట్టు చదివాను నెల్లాళ్లు.
కార్డు వచ్చింది, అదే చేతిరాత:
"ఇప్పుడు రేషన్ కార్డు చదివినట్టుంది.
ఏం తెలియట్లేదు. పాతదే నయం."

ఇవాళ కాగితం చిన్నది.
గంటకు అరవై ఐదు. అలలు నాలుగు మీటర్లు.
నేను, నా మీద నేను చాలం,
ఆ పైన మూడేళ్ల పిల్లని నిలబెట్టాలి.
గ్లాసులో నీళ్లు కదలవు.
ఎర్రదీపం వెలగబోతోంది.
జలుబేమీ లేదు.
గొంతు సవరించుకోబోయి ఆగాను.
అక్కడ రేవులో మోకు చేతికి చుట్టుకుని
లంకమ్మ రేడియోకి చెవి ఆనించి ఉంటుంది,
మొదటి మాటకు ముందు
నేను తీసే ఊపిరి కోసం.