చేదుకట్టు

సొమ్యోన్ వీధిలో తొమ్మిదో అంతస్తు.
ఐస్ సంచీ పట్టుకుని నిలబడడం నా ఉద్యోగం.

ఆవిడ పేరు మాల్‌సున్. అరవై ఏడు.
ఇక ఆడపిల్లలు చాలని పుట్టగానే పెట్టిన పేరట,
అయినా తన తర్వాత ఇంకో ఇద్దరు పుట్టారని
తనే చెప్పి తనే నవ్వింది.
నవ్వితే గడ్డం కింద ఇంకో గడ్డం కూడా నవ్వింది.

జగల్చి చేపల బజారులో నలభై మూడేళ్ళు.
ఎంత సబ్బు రుద్దినా ఆ వేళ్ళని సముద్రం వదల్లేదు.
సీసా ఎంత అంది. చెప్పాను.
మూడు కొంటే నాలుగోది కొసరా అంది.
మా దగ్గర కొసరు ఉండదమ్మా అన్నాను.
అయితే ఇదేం వ్యాపారం అంది.

ఎవరి కోసం ఇదంతా అని నేనడగలేదు.
"పోయాక పూల మధ్య పెట్టే ఫోటో
ముందే తీయించుకోమన్నారు, ఉచితమని.
తీరా చూస్తే అందులో ఉన్నది మా అత్తగారు!
రక్తసంబంధం లేదు, ఆ గడ్డం ఎలా అంటుకుందో.
బతికినన్నాళ్ళూ ఆవిడకి అణిగి ఉన్నాను,
చచ్చాక కూడా ఆవిడ మొహంతో దండాలు పెట్టించుకోనా?"

డాక్టరు తెల్ల పెన్సిలుతో గడ్డం కింద చుక్కలు పెట్టాడు,
వరసకి ఆరు,
ముగ్గు వెయ్యడానికి ఎవరూ రాని చుక్కలు.
సూదికి ముందు అలవాటుగా అప్పజెప్పాడు:
ఇది మన పైత్యరసంలో ఉండేదే,
కొవ్వు కణం గోడ పగలగొడుతుంది...
ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"పైత్యమా?"

రోజుకి రెండు వందల కానాగంతలు
పొట్ట చీల్చి, బొటనవేలు లోపలికి పోనిచ్చి,
ఆకుపచ్చ చేదుకట్టు చిట్లకుండా పైకి తీసిన చెయ్యి అది.
చిట్లిందా, కండంతా చేదు,
బేరం పోయె, అత్తగారి నోరు లేచె.
ఇప్పుడు డబ్బిచ్చి మరీ
ఆ చేదునే గొంతులోకి పొడిపించుకోవడం.

"పక్క కొట్టు బొక్‌జా, ఈ వయసులో ఏం పైత్యమే అంది.
డాక్టరు కావాల్సింది అది!"
కదలొద్దన్నా వినకుండా నవ్వింది.
చుక్కలన్నీ చెదిరిపోతే మళ్ళీ పెట్టాం.

మొదటి సూదికి నా వేళ్ళు పట్టుకుంది,
బతికున్న చేపని జారిపోనివ్వనట్టు.

నాలుగో రోజు ఫోన్.
"తొట్టిలో ఉబ్బుచేప నన్ను చూసి
చుట్టమనుకుంటోంది. ఇది తగ్గుతుందా, ఇంతేనా?"
తగ్గుతుంది, రెండు వారాలు, అన్నాను.
ఎవరితోనైనా అదే అంటాను.

రెండోసారి వచ్చింది. మూడోసారికి రాలేదు.
ఒక సాయంత్రం రిసెప్షన్ బల్ల మీద
ఐసులో చుట్టిన కానాగంత, నిగనిగలాడుతూ.
పక్కన చిన్న ప్లాస్టిక్ సంచీలో
ఒక్కటీ చిట్లకుండా
పన్నెండు చేదుకట్లు.
చీటీ మీద: మీ డాక్టరుకి. కొసరు.

మందుల ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని
చాలాసేపు అలాగే నిలబడ్డాను,
అది కూత పెడుతున్నా.