నలభై ఒకటో నంబరు

పొద్దుగాల ఆరింటి దేవరకొండ బస్సుల
నా ఒళ్లో ఐసు డబ్బ.
పక్క సీటు పెద్దమనిషి అడిగిండు:
"చేపలా బిడ్డా? కిలో ఎంత?"
కాదని నవ్విన. ఏందో చెప్పలే.
చెప్తే నల్లగొండ దాంక నిలబడే వస్తడు.

బోడగుట్ట తండాల పదకొండు దినాలాయె
కడుపులు కదలబట్టి.
ముందు బడి పోరలకు, ఎనుక ఇంటికొకరికి,
బంకా నెత్తురూ.
ఆశా వర్కరు జ్యోతి అందరి లెక్క రాసింది,
పెన్ను ఆగిన కాడికెల్లి పెన్సిలుతోటి.

కేస్లవ్వ నడుము కొడవలి.
ఆ వంపు ముప్పై ఏండ్ల బోరు నీళ్లది.
గడపల కూసోని అన్నది:
"పాత నీళ్లు నన్ను వంచె,
కొత్త నీళ్లు పిలగాన్ని పండవెట్టె,
ఇగ ఏ నీళ్లు తాగాలె, నువ్వే జెప్పు."
నా సంచిల గాజు గొట్టాలున్నయి.
జవాబు లేదు.

మనవడు విహాన్. మూడేండ్లు.
పరిశోధన కాగితం మీద పేరు రాయొద్దు, అది రూలు.
"నీ పిలగాడు నలభై ఒకటి అవ్వా" అన్న.
"మంచి నంబరేనా?" అన్నది.

ఈ పురుగు బయట శానా సుకుమారం.
ఎండ తగిలితే చస్తది, ఆలస్యమైతే చస్తది.
అందుకే నేను కొండమల్లేపల్లిల చాయ్ తాగలే.
మనిషి లోపల మాత్రం
పదంటే పది చాలంట, ఒక ఇల్లు పడగొట్ట.
గోరు సందుల పట్టే పది.

ఎర్రని జిగురు పళ్లెం మీద గీసి
ఒంటి వేడంత వేడిల పెట్టిన.
రాత్రంతా ఆ పెట్టె
కోడి లెక్క జబ్బును పొదిగింది.

తెల్లారి మొలిచిన వాటి నడుమ
మందు కాగితం చుక్కలు దించిన.
మందు పారితే దాని చుట్టూ ఖాళీ జాగ,
వాన ముందట చంద్రునికి గుడి కట్టినట్టు.
మల్లా ఒక రాత్రి.

సిప్రోకు గుడి లేదు.
పురుగులు బిళ్ల అంచు దాంక వచ్చి
అరుగు మీద పెద్దమనుషుల్లెక్క ఒరుగుకోని కూసున్నయి.

ఎవరిని తిట్టాలె?
ఆర్ఎంపీ పుల్లారావు జలుబుకూ అదే గోలి ఇస్తడు నిజమే,
కానీ రాత్రి రెండింటికి తలుపు తీసేది ఆయనొక్కడే.
ఐదు దినాల గోలీలు రాస్తే
రెండు దినాలవి కొని, మిగిలిన పైసలకు
పాల పాకెట్ కొన్నది ఏ తల్లి తప్పు?
మేం సగం సగం కొట్టిన దెబ్బలకు
అవి కుస్తీ నేర్చుకున్నయి.

మూలకు ఇంకో చుక్క. దానికి సన్నగ గుడి.
నిలబడే ఫోన్ చేసిన డాక్టరుకు.

జాడ వాల్వు గుంతల దొరికింది.
లైన్‌మన్ చంద్రమౌళి మోకాలు లోతు దిగి చూపెట్టిండు:
పైపుకు పగులు, చిటికెన వేలు పట్టేంత.
మోటరు నడుస్తుంటే నీళ్లు బయటికి చిమ్ముతయి,
మోటరు ఆగినంక
పైపు ఊపిరి లోపలికి గుంజుతది,
పక్కన మోరితోటి సహా.
పగటికి రెండు గంటల నీళ్లంటే
ఇరవై రెండు గంటల గుంజుడు.

రిపోర్టు పంపిన. తొమ్మిది పేజీలు.
పైపుకు ఇంకా సైకిల్ ట్యూబే కట్టి ఉన్నది.
జ్యోతి బిందెబిందెకు క్లోరిన్ గోలి ఏసుకుంట తిరుగుతున్నది,
"మందు వాసన" అని ఎనుక పారబోసేటోళ్లతోటి
కొట్లాడుకుంట.

నాలుగో నాడు కొత్త నంబరు నుంచి ఫోను.
"ల్యాబు మేడమా? మా నలభై ఒకటి పాసైండా?"

ఏం చెప్పాలె.
"పురుగు పాసైందవ్వా.
పిలగాడు ఏం జేస్తుండు?"

"ఏం జేస్తడు. చెంచా చెంచా ఉప్పుచక్కెర నీళ్లు
రెండు రాత్రులు నేనే పోసిన.
కొత్త గోలి నిన్న ఏసిన్రు.
పొద్దటి సంది రొట్టె గావాలెనని ఏడుస్తుండు.
పెట్టొచ్చా?"

"పెట్టు" అన్న. "చేతులు కడిగి పెట్టు."
"ఏ నీళ్లతోటి?" అన్నది.

రిజిస్టర్ల ఆ ప్రశ్నకు గడి లేదు.
నలభై ఒకటి ఎదురుంగ, అంచుకు,
పెన్సిలుతోటి రాసుకున్న:
రొట్టె అడిగిండు.