జోడు సైకిలు

ఆదివారం నాకు అద్దాలుండవు.

తక్కిన రోజుల్లో లెస్టర్ వీధుల్లో
రెండంతస్తుల బస్సు తోలతాను.
కుడి అద్దం, ఎడమ అద్దం, నెత్తిమీద ఇంకోటి,
పదకొండేళ్ళుగా ఆ మూడు గూళ్ళ మధ్యే
ఎగిరి వాలుతుంటాయి కళ్ళు.
ఇక్కడ, రట్లండ్ వాటర్ గట్టుమీద,
కారు రాదు, లారీ రాదు, హారను మోగదు.
అయినా మెడ వింటుందా?
మలుపు మలుపుకీ వెనక్కి తిరుగుతుంది.

"ఏముంది వెనకాల?" అంటాడు క్లైవ్.
వెనకాల ఉన్నది అతనే.
జోడు సైకిలు రెండో సీటుమీద
డెబ్బై మూడేళ్ళ స్ప్రింగ్‌థోర్ప్ గారు,
గుడ్డివాళ్ళ క్లబ్బు కోటు, నల్లకళ్ళద్దాలు,
ఎద్దు తొడలు.

చూపున్నవాడు ముందు, లేనివాడు వెనక.
బ్రేకులు నావి, గేర్లు నావి.
బలం, నిజం చెప్పొద్దూ, సగానికి పైగా అతనిది.
ఇంకా, చూసింది చూసినట్టు చెప్పడం నా వంతు.
"గతుకు."
"గేటు. దిగాలి."
"గొర్రె అడ్డంగా పడుకుంది, లేచే ఉద్దేశం లేదు."
మొదటి వారం ఇంతకు మించి చెప్పలేదు,
బస్సులో స్టాపుల పేర్లు చదివే గొంతులాగా.
"నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?" అనడిగాడు.
నీళ్ళ రంగులో, అన్నాను.
అర మైలు దాకా మాట్లాడలేదు.

ఇప్పుడు నేర్చుకున్నాను.
ఈ పొద్దు నీళ్ళు
బూడిదతో తోమి బోర్లించిన సత్తుగిన్నె అడుగు.
సత్తుగిన్నెని ఇంగ్లీషులోకి మోయడానికి
ఒక ఎత్తు మొత్తం పట్టింది.
"అర్థమైంది," అన్నాడు, ఆయాసపడుతూ,
"గీతలున్నాయా?"
ఉన్నాయి. గాలి గీసినవి.

రెల్లులోంచి ఒక పిట్ట లేచి అరిచింది.
మన తీతువుకి దాయాది.
ఆ కూత చెవిన పడితే
మా పెద్దమ్మ చెప్పులు విప్పి ప్రయాణం మానుకునేది.
క్లైవ్ మాత్రం "పీవిట్!" అని పిలిచాడు,
గోడవతలి పిల్లని పిలిచినట్టు.

పైన చేపలగద్ద.
చేపని అడ్డంగా కాదు, నిలువునా,
తల ముందుకు పెట్టి పట్టుకుపోతోంది.
చెప్పాను. పగలబడి నవ్వాడు:
"అదీ జోడు సైకిలే. చేప ముందు సీటు.
నీలాగే, ఎటు పోతోందో తెలీదు."

హాంబుల్టన్ దగ్గర నేల
నీళ్ళలోకి నాలుక చాపుతుంది.
చెట్ల నీడలో దిగుతుంటే
"కుడికి తిప్పు," అన్నాడు.
కుడికి దారి లేదు.
ఇనప గేటుంది, దాని వెనక పాత తారు రోడ్డు,
నెర్రెల నిండా గడ్డి,
కొన్ని బారలు పోయి
అలా నీళ్ళలోకి దిగిపోయింది, స్నానానికి దిగినట్టు.

"దిగువ హాంబుల్టన్. ఎడమ పక్క మూడో ఇల్లు మాది.
బుల్డోజర్లు రావడానికి రెండేళ్ళ ముందు
నా కళ్ళు పోయాయి.
ఈ సరస్సుందే, దీన్ని నేను ఒక్కసారీ చూడలేదు."

సైకిలు గేటుకి ఆనించాం.
నా మోచెయ్యి పట్టుకుని నడిచి,
తడి అంచున ఆగాడు. బూటు ముందుకు పెట్టబోయి
"బళ్ళేమైనా వస్తున్నాయా?" అనడిగాడు.
కుడికి చూశాను. ఎడమకి చూశాను.
మళ్ళీ కుడికి.
"లేవు," అన్నాను.
చీలమండల దాకా దిగి
తన రోడ్డుమీద కాసేపు నిలబడ్డాడు.

తిరుగు దారంతా ఎదురుగాలి.
పెడలు తిరిగినప్పుడల్లా
అతని బూట్లలో నీళ్ళు పచక్, పచక్.
ఇక చెప్పడం అతని వంతైంది.
"ఇది కమ్మరి కొట్టం, వేడి తగులుతోందా?
ఇక్కడ ఆపిల్ కొమ్మ కిందికుంటుంది, తల వంచు."
నా కళ్ళముందు గట్టు, కంచె, బాతులు.
వంచాను.
"జాగ్రత్త, టోలర్ వాళ్ళ కుక్క వదిలేసి ఉంటుంది.
కాళ్ళు!"

గొలుసు ఒక్కటే కదా ఇద్దరికీ.
తొక్కడం ఆపి,
నాలుగు కాళ్ళూ పైకెత్తి,
ఆ కుక్కని దాటాం.