రెండు రూపాయలు

దువ్వాడ జోన్‌లో మా లైనుకి పని నేర్పడానికి
కొలంబో నుంచి వచ్చింది చందిమా.
ఆవిడకి తెలుగు రాదు, నాకు సింహళం రాదు.
టీ బెల్లు కొట్టాక నల్లగుడ్డ మీద
సబ్బుసుద్దతో అంకెలు వేసుకున్నాం.

ముప్పై ఎనిమిది వేలు, అని రాసింది.
నా గుండె జారి బాబిన్ కేసులో పడింది.
నాది పదకొండున్నర.
సిగ్గేసి సున్నాలు చిన్నవిగా చుట్టాను.

నవ్వింది. బియ్యపుగింజ బొమ్మ గీసి
పక్కన రెండొందల ముప్పై అని వేసింది.
ఓలమ్మ!
వాళ్ళదీ రూపాయేనట, కాకపోతే బక్కచిక్కిన రూపాయి.
లెక్క కడితే నా బస్తాయే పెద్దది.
ఒక్క నిమిషం, అబద్ధమెందుకు, గొప్పగానే అనిపించింది.

అప్పుడు మేకుకి వేలాడే టోకెను చూపించి
ఏంటి, అన్నట్టు కళ్ళెగరేసింది.
చిటికెన వేలు చూపించాను.
నలభైమందికీ అదొక్కటే అని పది వేళ్ళూ నాలుగుసార్లు విప్పాను.
ఈసారి నవ్వలేదు.

అక్కడ టోకెన్లు లేవట.
పొద్దున్నే కంపెనీ టిఫినట.
వేల్లో సూది దిగితే నర్సట.
ఇక్కడ నర్సంటే పక్క మిషను నూకరత్నం, దాని చున్నీ పీలిక.

కానీ గదికి ఆరుగురట. కొడుకు మొహం
నెలకి... ఒక వేలు ఎత్తి, మళ్ళీ ముడిచేసింది.
నా గుంట రోజూ నా మెడ వాసన చూసే పడుకుంటుంది.
దానికెంత వెయ్యాలో
సుద్దకి తెలీలేదు.

సూపర్‌వైజరొచ్చాడు. అరచేతుల్తో తుడిచేశాం.
మధ్యాన్నానికి ఆ గుడ్డ
ఎవరిదో పొడుగు చెయ్యయింది.
మణికట్టు మడతలో నా సున్నా ఒకటి చెరగలేదు.
లోపలికి మడిచి కుట్టేశాను.