కొసరు

రెండు మేకులు కావాలి నాకు.
అంతే.
బోన్‌ఫిం వీధి మలుపులో ఎవరిష్టో ఇనప కొట్టుకి
నలభై ఏళ్ళు అలవాటుపడ్డ కాళ్ళు
నన్నడక్కుండానే తీసుకుపోయాయి.

తలుపు తోశాక గుర్తొచ్చింది
ఎవరిష్టో పోయి పద్నాలుగు నెలలని.

లోపల వెలుతురు తేనెరంగులో ఉంది.
మేకుల సొరుగులున్న గోడ పొడుగునా
సీసాలు పక్కకి ఒత్తిగిలి పడుకున్నాయి,
రాత్రిపూట ఆసుపత్రి వార్డులోలా,
ఒక్కోదాని మెడకి ఒక్కో చీటీ.
గొలుసులు వేలాడిన కొక్కేలకి ఇప్పుడు
ఎండబెట్టిన పంది తొడలు.
సార్డిన్ డబ్బాల మీద ఎంత అందమైన బొమ్మలంటే
లోపల చేపలున్నాయంటే సిగ్గేస్తుంది.

పాత త్రాసుని మాత్రం ఉంచారు, అలంకారానికి.
ఒక పళ్ళెంలో ఎండు లావెండర్ పూలు,
రెండోది ఖాళీ.
అయినా రెండూ సమంగానే ఉన్నాయి.
దగ్గరికెళ్ళి చూశాను:
ముల్లుని జిగురుతో అంటించేశారు.

ఆ త్రాసు నాకు తెలుసు.
ముల్లు నడిమికొచ్చి నిలబడ్డాక
ఎవరిష్టో ఇంకో మేకు విసిరేవాడు పళ్ళెంలోకి,
"ఒకటి ఎలాగూ వంగుతుందిలే" అంటూ.
మా ఆయన చేతిలో మూడు వంగేవి.
అది వేరే సంగతి.

"మొదటిసారా?" అంది కొట్టు పిల్ల.
పేరు ఇరియా. మోచేతి దాకా ద్రాక్షతీగ పచ్చబొట్టు.
మొదటిసారా అని! నన్ను!
ఇరవై రెండేళ్ళు ఈ వాలులో
బస్సు నడిపినదాన్ని,
ఈ గుమ్మం ముందు రోజుకి పదకొండు సార్లు బ్రేకు తొక్కినదాన్ని.
"అవును" అన్నాను.
మేకులడగడానికి నోరు రాలేదు.

ఒక గ్లాసులో అడుగున రెండు గుక్కలు పోసి
తాగొద్దంది, ముందు వాసన చూడమంది.
"కొందరికి చెర్రీ వస్తుంది, కొందరికి తోలు,
వాన వెలిసిన రాయి వాసన ఒకాయనకి."
ముక్కు లోపలికి పెట్టాను.
చెర్రీ లేదు. తోలు లేదు.
అరచేతిలో పట్టుకున్న మేకులు,
చెమట పట్టాక వేళ్ళకంటుకునే ఆ వాసన.
దాచుకోవడం చేతకాక చెప్పేశాను:
"ఇనుము."

పిల్ల కళ్ళు ఇంతయ్యాయి.
"ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే వెతుకుతున్నాను!" అంటూ
సుద్దముక్క తీసి
నల్లపలక మీద రాసింది, ఆ సీసా పేరు కింద,
చెర్రీ, తోలు, కొట్టేసి.
నేను వద్దనలేదు.
ఆ వాసన సీసాదో గోడలదో
నాకైతే తెలీదు.

ఊరికే వెళ్ళిపోతే బాగుండదని
చీజు కొంచెం అడిగాను, బూడిద పూసినది.
కొత్త త్రాసు మాట్లాడదు, ఊగదు,
ఎర్రటి అంకెలు చూపిస్తుంది:
నూట పద్దెనిమిది గ్రాములు,
ఏడు యూరోల ఎనిమిది సెంట్లు.
ఎనిమిది సెంట్లూ తీసుకుంది.
దాని తప్పేముంది, ఎవరూ నేర్పలేదు.
అయితే పొట్లం కట్టింది చూడండి,
మూలలు లోపలికి మడిచి, దారం రెండు చుట్లు తిప్పి,
చివర పళ్ళతో కొరికి,
అచ్చం వాడిలాగే.
ఎక్కడ నేర్చావు అని అడగబోయాను.
వెనక ఎవరో కత్తిరించిన గడ్డంవాడు
ట్రఫుల్ నూనె ఉందా అని తొందరపడుతున్నాడు.

ఇంటికొచ్చాను.
సెప్టెంబరు నుంచీ అద్దం నేల మీదే ఉంది,
గోడకి జారగిలబడి.
తల దువ్వుకోవాలంటే దాని ముందు మోకరిల్లాలి.
కింద కూర్చుని పొట్లం విప్పాను.
అద్దంలో ఒకావిడ
వేళ్ళతో చీజు తింటోంది, బూడిద పెదాలతో,
రొట్టె కూడా లేకుండా.

బాగుంది.
కొంచెం ఉప్పెక్కువ.
రేపు మళ్ళీ వెళ్ళాలి
ఆ పలక మీద నా మాట ఉందో లేదో చూడ్డానికి.
మేకులు ఇంకెక్కడైనా దొరుకుతాయి.