బల్ల మీద అరచెయ్యి

ఆకు అల్లే నెలల్లో
నా వేళ్ళకి గోరింటాకు పండదు.
పొగాకు జిగురు పండుద్ది, నల్లగా,
చింతపండుతో రుద్దినా పోదు, బూడిదతో రుద్దినా పోదు,
అన్నం కలిపితే ముద్ద ముద్దకీ చేదు.
ఆ వేళ్ళతోనే శనివారం రాత్రి
కొండపి రోడ్డు పక్కనున్న మా చర్చిలో
బేస్ గిటార్ భుజానికి తగిలించుకుంటాను.

ఒంగోలులో ఆర్కెస్ట్రా మూసేసిన వాళ్ళ దగ్గర
నాలుగు వేలకి తెచ్చారు దాన్ని.
వాయించే అబ్బాయి పెళ్ళయి కనిగిరి పోయాడు.
గిటార్ గోడకి, నేను ఆడవాళ్ళ వరసలో,
ఇద్దరం ఆరు నెలలు ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.

"వేళ్ళొద్దమ్మే, జిగురంటితే తీగె మూగబోద్ది"
అన్నాడు జకరయ్య. చీమకుర్తిలో రాయి పాలిష్ చేస్తాడు,
మాకు లీడ్ వాయిస్తాడు.
పాత ఏటీఎం కార్డు మూడు మూలలుగా కత్తిరించి
నల్లరాయి మీద అంచులు అరగదీసి
నా చేతిలో పెట్టాడు: "ఇదీ పిక్."
మా అమ్మ విని నవ్వింది,
"పిక్కా? చింతపిక్కలాడే వయసా నీది?"

పిక్ తగిలితే
స్వరం టక్కున పుట్టి టక్కున నిలబడుద్ది.
డ్రమ్ముకి జంకదు. స్తుతి పాట పరిగెత్తితే
దాని కంటే రెండడుగులు ముందే ఉంటుంది.
బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది.
కానీ నాకూ తీగెకీ మధ్య
జకరయ్య మూసేసిన బ్యాంకు ఖాతా.

అతను నైట్ డ్యూటీకి పోయిన వారం
పిక్ జేబులోనే ఉంచాను.
చూపుడువేలు ఒకడుగు, నడిమివేలు ఒకడుగు,
తెల్లారుజామున బ్యారన్ దగ్గరికి
బురదలో చెప్పులు చేతపట్టుకుని నడిచినట్టు.
తీగె ఎక్కడ మెత్తనో ఎక్కడ మొండిదో తెలిసింది.
తొందర పాట రాగానే వేళ్ళు తడబడ్డాయి,
మూడో చరణంలో నేనొక చోట, పాట ఒక చోట.
పాస్టరు గారు కళ్ళు మూసుకునే ముఖం చిట్లించారు.
బొబ్బ పగిలి తీగె తడిసింది.

ముందు బల్ల రాహేలమ్మది.
పదేళ్ళుగా చెవులు వినబడవు.
స్పీకరు పెట్టె పక్కనే కూర్చుని
బల్ల మీద అరచెయ్యి బోర్లించి పెట్టుద్ది.
ఆ రోజు ఆరాధనయ్యాక నా కొంగు పట్టుకుంది:
"పోయిన వారం ఎవరో తలుపు కొట్టారమ్మే.
ఈ వారం లోపలికొచ్చి ఇల్లంతా నడిచారు."
ఏది బాగుందవ్వా అని సైగ చేశాను.
వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.
"కొట్టకుండా లోపలికెవరొస్తారే?"

అప్పట్నుంచీ మొదటి చరణం పిక్‌తో.
ఆ తర్వాత పిక్ పళ్ళ మధ్యకి, వేళ్ళు తీగెల మీదికి.
కార్డు మీది అంకెలు నాలుక్కి గరుగ్గా తగుల్తాయి,
పొగాకు చేదు గొంతులోకి దిగుద్ది.
పాడమంటే పాడలేను, నోట్లో పిక్ ఉంది గదా.
ఆ సాకు కూడా నాకు ఇష్టమే.

మార్చిలో పోయింది అది.
ఆకు గ్రేడు చేస్తుంటే రైక లోంచి జారి
ఏ బేలులో పడిందో.
టంగుటూరు వేలంలో దానికీ ఒక ధర పలికుంటుంది,
ఏ గ్రేడు కింద రాశారో.
జకరయ్య ఇంకో కార్డు వెతుకుతున్నాడు,
ఉన్న ఒక్కటీ ఇంట్లో వాడుతున్నారట.

ఆదివారం అంతా వేళ్ళతోనే లాక్కొచ్చాను.
రాహేలమ్మ చెప్పులు వేసుకోకుండా మెట్ల దగ్గర ఆగింది:
"ఇయ్యాల తలుపెవరూ కొట్టలేదేందమ్మే?"

బేలులో పోయిందవ్వా అన్నాను. వినబడదు గదా.
ఆమె అరచెయ్యి తెరిచి
జిగురు గోటితో
రెండుసార్లు కొట్టాను.