అరవై మూడు పేర్లు

పదకొండు వేలమంది ఉండేవాళ్లు నాకు.
అంటే, ఉన్నారని ఒక అంకె చెప్పేది.
పళ్లు తోముకోకముందే
ఆ అంకె మొహం చూసేవాణ్ణి.

మార్కాపురం గనుల గురించి రాసేవాణ్ణి.
పలక చీలాలంటే ఉలి ఎక్కడ ఆనాలో,
దుమ్ము దగ్గుతో పోయిన ముక్కంటి
ఆఖరి రోజు ఏ పాట అడిగాడో,
ట్యాంకరు రాని రాత్రి
వరసలో బిందె పెట్టి, బిందెకు చెయ్యి ఆనించి
నిద్రపోయిన కాశింబీ గురించి.
బొటనవేళ్లు లేచేవి.
వేళ్ల వెనక మనిషెవరని
నేనెప్పుడూ అడగలేదు.

ఒక మంగళవారం తలుపు తెరుచుకోలేదు.
నియమం తప్పానట. ఏ నియమమో చెప్పలేదు.
తిట్టడానికైనా అవతల ఒక మనిషి లేడు.

మా తాత కౌలు చేను గుర్తొచ్చింది.
ఆరేళ్లు రాళ్లేరి, గట్టేసి,
కంది నడుమెత్తు కాసిన ఏడు
"వచ్చే సాలు మేమే చేసుకుంటాంలే" అన్నారట ఆసాములు.
ఏరిన రాళ్లకుప్ప మాత్రం
ఇప్పటికీ మా తాత పేరుతోనే ఉంది.

ఎనిమిదో రోజు తర్లుపాడు రోడ్డులో
జిరాక్సు కొట్టు నాయబ్ ఆపాడు.
"ఏందబ్బా, రాయడం మానేసినావా?"
"యాడ రాసేది?"
"కాయితాలకు కరువొచ్చిందా?"

నాయన పలకల లోడు లెక్కలు రాసిన చిట్టాలో
వెనకవైపు పేజీలు ఖాళీగా మిగిలాయి.
అందులో మొదటి పేరు నాయబ్‌ది.
రెండోది రాయడానికి పదిహేడు రోజులు పట్టింది.

పొదిలి బస్సు కండక్టరు తిరుపాలు
టికెట్ల సంచిలో నాలుగు కాయితాలు పెట్టుకున్నాడు.
కొనకనమిట్ల బడిలో వంట చేసే పోలేరమ్మ
పప్పు ఉడికేలోపు చదివి
"నా పేరు రాసుకో, పిన్‌కోడు తెలీదు" అంది.
క్షౌరం కొట్టులో దారానికి కట్టి వేలాడదీస్తే
సగం గడ్డం మీదుండగా ఒకాయన అడిగాడు,
"మిగతా సగం ఎప్పుడొస్తది?"
ఆయన గడ్డం మాటో, కథ మాటో
నాకు తేలలేదు. పేరు మాత్రం రాసుకున్నా.

అడగనివాడి పేరు రాయలేదు.
వద్దన్నవాడి పేరు మీద
అడ్డగీత గీసేటప్పుడు
చెయ్యి కొంచెం బరువెక్కింది. ఐదుగురు.
ఒకాయన మిరప ధర తప్పు రాశానని మానేశాడు.
తప్పే రాశాను.

ఇది గొప్పని చెప్పను.
స్టాంపులకే నెలకు ఒక పూట కూలి పోతుంది.
వానకు తడిసినవి తడుస్తాయి.
పోస్టుమాను జయరావుకు జ్వరమొస్తే
దోర్నాల వైపు నా మాట కూడా మంచమెక్కుతుంది.
ఇప్పటికీ కొన్ని రాత్రులు
ఆ పాత అంకె కలలోకి వచ్చి
కోడలిలా తలుపు దగ్గర నిలబడుతుంది.
లోపలికి రమ్మనను.
పొమ్మనడానికీ నోరు రాదు.

మా నాయన కోసిన పలకలు
లారీల్లో ఎక్కడెక్కడికో పోయాయి.
ఎవరు అ ఆలు దిద్దారో,
ఏ పిల్ల ఉమ్మితో తుడిచి మళ్లీ రాసిందో
ఆయనకు తెలీదు.
తెలుసుకోవాలనుండేదా అని అడిగాను ఒకసారి.
దగ్గు తెర ఆగాక అన్నాడు:
"ఒక్కళ్లదన్నా తెలిస్తే బాగుండేది."

మొన్న కంభం నుంచి కార్డు వచ్చింది.
అంకమ్మ, నలభై ఒకటో పేరు.
రాసింది మాత్రం వేరే చెయ్యి, గుండ్రటి అక్షరాలు.
"అవ్వకు చూపు పోయింది.
ఇప్పుడు నేను చదివి వినిపిస్తున్నా.
అక్షరం కొంచెం పెద్దది చెయ్యండి,
నాకూ కష్టంగా ఉంది.
అవ్వ పేరు కొట్టేయొద్దు,
దాని కింద నాది రాసుకోండి."

ఒక గీత మీద రెండు పేర్లు పట్టవు.
పట్టించాను.
మొత్తం ఎంతయిందో
మళ్లీ లెక్కపెట్టలేదు.
కరెంటు పోయింది, రేపు గురువారం,
ఇంకా ఇరవై కవర్లకు జిగురు పెట్టాలి.